ఒకే కిట్టు, పది కార్లు: ఇష్టమైన మోడల్ కారును కొట్టినపిండి చేసుకోవడం ఎలా

అటక మీద తెరవని కిట్ల పెట్టెలు ఏడెనిమిది, బీరువాలో పూర్తయిన కార్లు రెండు. ప్లాస్టిక్ ముక్కల పెట్టె (కిట్టు) కొని మోడల్ కార్లు కట్టేవాళ్ల ఇళ్లలో మామూలుగా కనిపించే లెక్క ఇది. పెట్టె మారినప్పుడల్లా చిక్కులూ మారతాయి. బాడీ మీద అచ్చు గీత (అచ్చు ముక్కలు కలిసిన చోట పడే గీత) ఎక్కడ పడిందో, వెనక అద్దం ఏ మూల కూర్చోదో, చాసిస్ (బాడీ కింది చట్రం) ఎటు మెలి తిరిగిందో తెలిసేసరికి కారు కట్టడం అయిపోతుంది. తెలిసింది మళ్లీ వాడుకునే వీలుండదు, ఎందుకంటే తర్వాతి పెట్టె వేరే కారు.

అదే కిట్టును రెండోసారి తెరిస్తే సగం తప్పులు చేయకముందే గుర్తొస్తాయి. నాలుగోసారికి సూచనల కాగితం విప్పాల్సిన పనుండదు, బుర్ర మొత్తం రంగు మీద, నునుపు మీద పెట్టవచ్చు. మద్దెల నేర్చుకునేవాళ్లు ఒకే పాఠాన్ని నెలల తరబడి వాయించేది ఇందుకే. అయితే పదిసార్లు కట్టడానికి ప్రతి కిట్టూ పనికిరాదు. ఎంపిక దగ్గర తొందరపడితే మూడో కారుకే విసుగొస్తుంది. అందుకే ముందు ఎంపిక గురించి, తర్వాత కట్టే పని గురించి చెబుతాం. కర్నూలు, అనంతపురం, కడప ఎండల్లో, గాలిలో, బోరు నీళ్లతో ఈ పని చేసేవాళ్లకు విడిగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి ఎక్కడికక్కడ వస్తాయి.

ముందు కొలత తేల్చుకోండి

ప్లాస్టిక్ కార్ల కిట్లలో ఎక్కువగా దొరికేవి 1/24, 1/25, అంటే అసలు కారులో 24వ, 25వ వంతు. జపాన్ కంపెనీలు తమియా, ఫుజిమి, అవోషిమా, హసెగావా ఎక్కువగా 1/24లో చేస్తాయి. ఏఎంటీ వంటి అమెరికా కంపెనీలు 1/25లో. చూపుకు రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ 4 మీటర్ల కారు 1/24లో 167 మిల్లీమీటర్లు, 1/25లో 160. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఒకదాని చక్రాలు, సీట్లు ఇంకొకదానికి వేద్దామనుకుంటే కొలతలు కలవవు. పది కార్లు కట్టాక మిగులు భాగాల డబ్బా ఒకటి తయారవుతుంది, దాని విలువంతా అవి ఒకదానికొకటి సరిపోవడంలోనే ఉంటుంది. అందుకని ఒక కొలత పట్టుకుని ఉండండి. మన దగ్గరికి తెప్పించుకోవడానికి, విడి భాగాలు దొరకడానికి 1/24 మేలు.

కారు ఎంపిక: పది రూపాల పరీక్ష

ఒక కాగితం తీసుకోండి. మీకు నచ్చిన కారు పేరు పైన రాసి, దాన్ని ఎన్ని రకాలుగా కట్టాలని ఉందో కింద వరుసగా రాయండి. ఫలానా రంగులో కొత్త కారు, రెండు రంగుల కారు, ర్యాలీ (మామూలు రోడ్ల మీద జరిగే కార్ల పందెం) కారు, పాతబడి తుప్పు పట్టిన కారు, పైకప్పు మీద సామాను కట్టిన కారు. నాలుగు దగ్గర పెన్ను ఆగిపోతే అది మీ కారు కాదు. ఎనిమిది దాటి ఇంకా రాయాలనిపిస్తే దాన్ని పట్టుకోండి. ఒంటి రూపానికి పేరుబడ్డ రేసు కార్లు ఈ పరీక్షలో తరచూ ఓడిపోతాయి. ఫలానా ఏడాది ఫలానా రేసులో పరుగెత్తిన రూపం తప్ప వాటికి వేరే జీవితం ఉండదు. జనం రోజూ నడిపిన చిన్న కార్లు నెగ్గుతాయి.

మినీ కూపర్‌నే తీసుకోండి. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ 1959లో వచ్చింది. 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. 1966లో ముందొచ్చినా హెడ్‌లైట్ల విషయంలో నిబంధన తప్పిందని అనర్హమైంది. ఎర్ర బాడీ, తెల్ల పైకప్పు, బానెట్ ముందు వరుసగా దీపాలు: ఆ ర్యాలీ రూపాలే మూడు నాలుగు కార్లకు సరిపడా ఉన్నాయి. తమియా 1/24 మినీ ఆ కథ నుంచి వచ్చిందే. అసలు కారు 3.05 మీటర్లే, అంటే మోడల్ సుమారు 127 మిల్లీమీటర్లు. రంగు తక్కువ పడుతుంది, పైకప్పు చిన్నది కాబట్టి దుమ్ము రేణువు పడే చోటూ తక్కువే.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంకో మంచి ఎంపిక. 2003లో మెక్సికోలో చివరి కారు బయటికొచ్చేనాటికి మొత్తం రెండు కోట్ల పదిహేను లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే దానికి లేని రంగు లేదు, జనం చేయని మార్పు లేదు. తమియా 1966 నాటి 1300 బీటిల్‌ను 1/24లో చేసింది. గుండ్రటి బాడీ మీద రంగు సమంగా పరుచుకుంటుంది, పాలిష్ చేసేటప్పుడు పదును అంచుల దగ్గర ప్లాస్టిక్ బయటపడే భయం తక్కువ. కాకపోతే మడ్‌గార్డులు బాడీతో కలిసే లోతుల్లో రంగు నిలిచి కారుతుంది. స్ప్రేను ముందు ఆ మూలలకు పలచగా కొట్టి, ఆరాకే మిగతా బాడీకి కొట్టాలి.

నిగనిగలాడే రంగంటే జంకే వాళ్లకు విల్లీస్ జీపు మా మాట. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టారు. రాయలసీమలో జీపు తెలియని పల్లె లేదు కాబట్టి దాని మట్టి ఎలా ఉంటుందో, సీటు గుడ్డ ఎక్కడ చిరుగుతుందో ఎవరినీ అడగక్కర్లేదు. ఇటలేరి 1/24లో, తమియా 1/35లో విల్లీస్‌ను చేశాయి. మ్యాట్ రంగుకు పాలిష్ అక్కర్లేదు, తప్పు జరిగినా మట్టి కింద కప్పేయవచ్చు.

పెట్టె తెరిచి చూడాల్సినవి

కారు తేలాక కిట్టును చూడాలి. ఒకే కారును రెండు మూడు కంపెనీలు చేసి ఉంటాయి. బొమ్మ చూసి కాకుండా లోపలి స్ప్రూల (భాగాలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రాల) ఫొటోలు చూసి కొనండి.

అన్నిటికన్నా ముందు, దొరకడం. ఒక్కసారి అచ్చేసి ఆపేసిన పరిమిత ఎడిషన్ కిట్టు ఎంత అందంగా ఉన్నా వద్దు. ఏళ్లుగా మళ్లీ మళ్లీ మార్కెట్లోకి వస్తున్న కిట్టే కావాలి. అలాంటిది కూడా మధ్యలో కొన్ని నెలలు కనిపించకుండా పోతుంది, అందుకే దొరికినప్పుడు రెండేసి కొనండి.

భాగాల సంఖ్య 60 నుంచి 120 మధ్య ఉంటే హాయి. ఇంజన్ మొత్తం ఉన్న కిట్లు మొదటిసారి బాగుంటాయి. ఐదోసారి అదే ఇంజన్‌లో ఆ ముప్పై ముక్కలకు రంగేయడం శిక్షలా ఉంటుంది. బానెట్ మూసేసిన కిట్లను తక్కువచూపు చూడకండి, వాటిలో బాడీ ఒకే ముక్కగా, వంకర లేకుండా వస్తుంది.

బాడీ ఏ రంగు ప్లాస్టిక్కో చూడండి. తెలుపు, బూడిద రంగు అయితే మంచిది. ఎర్ర ప్లాస్టిక్‌లోని రంగు, పైన వేసిన తెలుపులోకి, పసుపులోకి ఎక్కి గులాబీ చాయ తెస్తుంది. తప్పదనుకుంటే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీద పలచగా వెండి రంగు పూత వేసి, దాని మీద మళ్లీ ప్రైమర్ కొట్టాలి. వెండి పూత అడ్డుగోడలా పనిచేస్తుంది.

టైర్లు మెత్తటి వినైల్ అయితే వాటిలోని నూనె లాంటి పదార్థం కాలక్రమంలో ప్లాస్టిక్ రిమ్మును మెత్తబరుస్తుంది. పాత కిట్లలో ఇది ఎక్కువ. మన ఎండలకు ఇంకా త్వరగా జరుగుతుంది. రిమ్ము లోపలి వైపు కూడా ప్రైమర్, రంగు వేస్తే ఆ రెండిటి మధ్య ఒక పొర ఉంటుంది.

మూడు పెట్టెల పరీక్ష

నచ్చిన మూడు కార్ల కిట్లు ఒక్కోటి కొనండి. మూడింటినీ పెట్టెలో చెప్పినట్టే, అదనంగా ఏమీ చేయకుండా కట్టండి. ఒక నోటు పుస్తకంలో మూడు విషయాలే రాయండి: ఏ చోట లప్పం పెట్టాల్సి వచ్చింది, ఏ భాగం దగ్గర పని ఆగింది, పూర్తయ్యాక ఎన్ని రోజులు దాని వైపు చూస్తూ ఉండిపోయారు. చివరిదే అన్నిటికన్నా పెద్ద కొలమానం. మూడింటిలో నెగ్గినదాన్ని మళ్లీ ఒకసారి కట్టండి. రెండోసారి మొదటిదానికన్నా సగం సమయంలో బాడీ తయారై, మీకు ఇంకా ఉత్సాహం ఉంటే అప్పుడు రెండు పెట్టెలు తెప్పించుకోండి. ఒకేసారి పది కొనేయడం వద్దు.

తెప్పించుకోవడం గురించి ఒక మాట. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు రెండూ సుమారు 210 కిలోమీటర్లే. కిట్లు, జిగురు కొరియర్‌లో వస్తాయి. స్ప్రే డబ్బాలు మండే వాయువుతో నిండి ఉంటాయి కాబట్టి విమానంలో పంపే పార్సిళ్లలో తీసుకోరు. వాటిని ఆ ఊళ్లకు వెళ్లినప్పుడు చేత్తో తెచ్చుకోవడం మేలు. తెచ్చేటప్పుడు ఎండలో స్కూటర్ డిక్కీలో, నిలిపిన కారులో వదలకండి. 50 డిగ్రీలు దాటితే డబ్బా పేలే ప్రమాదం ఉంది.

బల్ల మీదికి ఏం కావాలి

ప్లాస్టిక్ కట్టర్ ఒకటి, సన్న మొన బ్లేడు కత్తి ఒకటి, పట్టకారు ఒకటి, తమియా ఎక్స్‌ట్రా థిన్ వంటి పలచటి జిగురు, రంగు పడకూడని చోట అతికించే 6 మిల్లీమీటర్ల మాస్కింగ్ టేపు. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 400, 600, 1000, 1500, 2000 నంబర్లు టింకరింగ్ షాపులకు సరుకు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. అక్కడే రుద్దుడు కాంపౌండూ ఉంటుంది, కానీ అసలు కార్లకు వాడే ముతక రకం మోడల్ పూతను కోసేస్తుంది. ఫైన్ అని ఉన్నదే అడగండి. అక్కడ దొరికే ఎన్‌సీ థిన్నర్ ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం) కడగడానికే, రంగులో కలపడానికి కాదు. అది ఘాటైన థిన్నర్, కిట్టు ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్ మీద పడితే నెర్రెలు విచ్చుతుంది. స్థానికంగా కొన్న ఏ ప్రైమర్‌నైనా ముందు పనికిరాని స్ప్రూ ముక్క మీద కొట్టి ఒక రాత్రి ఆగి చూడండి.

కర్నూలు, అనంతపురం, కడప వైపు వాళ్లకు ఉన్న పెద్ద వరం కడప బండ. నున్నగా పాలిష్ పట్టిన అడుగున్నర పలక ఒకటి రాతి దుకాణంలో ముక్కల కుప్పలోనే దొరుకుతుంది. బేతంచెర్ల నాపరాయి అయినా సరే. చాసిస్ సమంగా ఉందా, నాలుగు చక్రాలూ నేలకు ఆనుతున్నాయా అని చూడటానికి ఇంతకన్నా మంచి పీఠం లేదు. వాటర్ పేపరును తడిపి దాని మీద పరిచి, బాడీ అడుగు అంచును రుద్దితే తిన్నగా వస్తుంది.

మూతికి గుడ్డ కట్టుకుంటే రంగు తుంపర కొంత ఆగుతుందేమో గానీ ఆవిరి ఆగదు. రసాయనాల ఆవిరిని వడగట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ (ముఖానికి బిగించే మాస్కు) కొనండి. వంటగ్యాసు ఉన్న గదిలో, పిల్లలు పడుకునే గదిలో స్ప్రే చేయవద్దు. ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉండే రెండు డబ్బాల టూకే క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) జోలికి ఇంట్లో అసలు పోకండి.

మన ఎండ, మన గాలి, మన నీళ్లు

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటినప్పుడు త్వరగా ఆరే లాకర్ రకం రంగు నాజిల్ నుంచి బాడీకి చేరేలోపే సగం ఆరిపోతుంది. పూత ఇసుక కాగితంలా గరుకుగా పడుతుంది. ఆ నెలల్లో తెల్లవారి 5:30 నుంచి 7 లోపు స్ప్రే పని ముగించండి. మామూలుగా 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టేదాన్ని 15 నుంచి 18కి తగ్గించండి. ఎయిర్‌బ్రష్ వాడేవాళ్లు రిటార్డర్ (రంగు ఆరడాన్ని నిదానం చేసే ద్రవం) కలిసిన లెవెలింగ్ థిన్నర్ వాడాలి. రంగు ఒక వంతుకు థిన్నర్ ఒకటిన్నర వంతు, 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి చూసుకోండి.

జూన్, జూలైలో వేడి తగ్గినా గాలి పెరుగుతుంది. అనంతపురం వైపు కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆ రోజుల్లో మిద్దె మీద స్ప్రే చేస్తే ఎర్ర దుమ్ము బాడీ మీద అతుక్కుంటుంది. స్నానాల గదిలో గోడలు, నేల తడిపి, పది నిమిషాలు ఆగి, దుమ్ము కిందికి దిగాక కొట్టండి. కొట్టగానే పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. ఇక వాన పడే రోజుల్లో, కడప వైపు ముఖ్యంగా అక్టోబరు, నవంబరులో, తేమకు లాకర్ పూత తెల్లగా పాలు పోసినట్టు మసకబారుతుంది. తడి తగ్గిన రోజున రిటార్డర్ థిన్నర్‌ను పలచగా చల్లితే చాలాసార్లు మసక పోతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు రంగుల కాలం. ముఖ్యమైన బాడీలన్నీ అప్పటికి సిద్ధం చేసి పెట్టుకోండి.

నీళ్ల సంగతి చాలామందికి తట్టదు. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. బాడీని వాటితో కడిగి ఆరబెడితే తెల్ల మచ్చలు మిగిలి, క్లియర్ కింద శాశ్వతంగా ఉండిపోతాయి. డెకాల్ (నీళ్లలో నానబెట్టి బాడీ మీద అతికించే గుర్తుల స్టిక్కర్) నానబెట్టినా అంతే, అంచు చుట్టూ తెల్లటి గీత వస్తుంది. కడగడానికి ఏ నీళ్లయినా పర్వాలేదు, చివరి జాలింపుకు, డెకాల్స్‌కు మాత్రం బ్యాటరీ దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఒక లీటరు చాలా కార్లకు వస్తుంది.

మొదటి కారు: పటం గీసుకునే పని

స్ప్రూలు విడదీయకుండానే గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కడగండి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోకపోతే ప్రైమర్ పెచ్చులుగా లేస్తుంది.

బాడీని దీపం కింద ఏటవాలుగా పట్టి అచ్చు గీత వెతకండి. మామూలుగా ముందు మడ్‌గార్డు మీద నుంచి అద్దం స్తంభం వెంట పైకప్పు అంచుకు, అక్కడి నుంచి వెనక దీపాల దాకా పోతుంది. 600 వాటర్ పేపరుతో మొదలుపెట్టి 1000తో ముగించండి. నోటు పుస్తకంలో కారు బొమ్మ గీసి ఆ గీతను ఎర్ర పెన్నుతో గుర్తించండి. రెండో కారుకు వెతకాల్సిన పనే ఉండదు.

తలుపుల గీతలు రంగు పొరల కింద పూడిపోతాయి కాబట్టి ప్రైమర్‌కు ముందే కత్తి వెనక వైపుతో మూడు నాలుగుసార్లు తేలిగ్గా లాగి లోతు చేయండి. ఒక్కసారే గట్టిగా లాగితే కత్తి పక్కకు జారుతుంది.

ఇప్పుడు జిగురు లేకుండా టేపుతో బాడీ, చాసిస్, సీట్ల తొట్టి, అద్దాలు అన్నీ కూర్చండి. ఈ అడుగు దాటేసినవాళ్లకే చివర్లో బాడీ చాసిస్ మీదికి దిగదు. బలవంతంగా పక్కలు విప్పితే ముందు అద్దం స్తంభం విరుగుతుంది, అప్పటికే పాలిష్ కూడా అయిపోయి ఉంటుంది. ఎక్కడ బిగుసుకుంటుందో అక్కడ ఇప్పుడే అర మిల్లీమీటరు రుద్దేయండి. రంగు పొర కూడా మందం తెస్తుందని గుర్తుంచుకోండి.

ప్రైమర్ రెండు మూడు పలచటి పూతలు, ఒక్కోదానికీ మధ్య పది నిమిషాలు. ఒక రోజు ఆరాక 1500తో తడిపి తేలిగ్గా రుద్దండి. రంగు మొదటి పూత మంచులా, కింద ప్రైమర్ కనబడేలా ఉండాలి. పది నిమిషాలకు రెండోది, ఇంకో పదిహేను నిమిషాలకు మూడోది. చివరి పూత తడిగా మెరిసేలా కొట్టి ఆపేయండి. ఇంకొక్కసారి కొడదామనిపించే ఆ క్షణంలోనే రంగు కారుతుంది. మొత్తం పూతల మందం 0.1 మిల్లీమీటరు అయినా అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల లప్పం పూసినట్టే లెక్క. పలచనే అందం.

బాడీ ఆరుతుండగా చాసిస్ పని. చక్రాల ఇరుసులు అతికేటప్పుడు నిదానంగా గట్టిపడే చిక్కటి జిగురు వాడి, వెంటనే కారును కడప బండ మీద నిలబెట్టండి. ఒక్కో టైరు కింద సన్న కాగితం ముక్క పెట్టి లాగండి. కాగితం ఊరికే జారి వచ్చిందంటే ఆ చక్రం గాలిలో ఉంది. జిగురు పట్టేలోపు సర్దుకునే వ్యవధి ఉంటుంది, అరగంట కదపకండి.

అద్దాలకు ఫెవిక్విక్ లాంటి జిగుర్లు వాడితే వాటి ఆవిరి అద్దం మీద పేరుకుని తెల్లగా మసకేస్తుంది. తెల్ల ఫెవికాల్‌ను టూత్‌పిక్ మొనతో అంచున పెట్టి రాత్రంతా వదలండి. పారదర్శకంగా ఆరుతుంది, పొరపాటైతే తడి గుడ్డతో పోతుంది. తలుపుల గీతల్లో ఎనామెల్ వాష్ (బాగా పలచన చేసిన రంగు) నింపేటప్పుడు నలుపు వద్దు. అసలు కారులో తలుపు సందు 4 మిల్లీమీటర్లు అనుకుంటే మోడల్‌లో 0.17 మాత్రమే ఉండాలి, కిట్లలో అంతకన్నా వెడల్పుగా ఉంటుంది. నలుపు పోస్తే బొగ్గుతో గీసినట్టు కనిపిస్తుంది. తెల్ల కారుకు బూడిద, ఎర్ర కారుకు ముదురు గోధుమ రంగు సరిపోతాయి. అనుమానముంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు ఎక్కించుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే ట్రైలర్లు ఏదైనా ధాబా దగ్గర ఆగినప్పుడు చూడండి. తెల్ల కారు తలుపు సందు పది అడుగుల దూరం నుంచి ఏ రంగులో కనబడుతుందో తెలిసిపోతుంది.

రెండో కారు నుంచి: ఒక్కటే మార్చండి

ఒకే కిట్టు పద్ధతికి ప్రాణం ఈ నియమమే. ప్రతి కారులో ఒక్క విషయం కొత్తగా నేర్చుకోవాలి, మిగతావన్నీ పాతవాటిలాగే చేయాలి. రెండు మారిస్తే ఏది దేనివల్ల చెడిందో తెలియదు.

రెండో కారును మొదటి రంగులోనే కట్టి, క్లియర్, పాలిష్ మాత్రం కలపండి. క్లియర్ మూడు నాలుగు పూతలు, తర్వాత కనీసం వారం ఆగాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా రంగు వాసన వస్తే ఆరలేదని అర్థం. అప్పుడే రుద్దితే పూత ముద్దలా లేస్తుంది. 2000తో తడిపి తిన్నటి గీతల్లో రుద్ది, తర్వాత ఫైన్ కాంపౌండ్. అంచుల మీద, తలుపు గీతల పక్కన సన్న టేపు వేసుకుని రుద్దండి, అక్కడే పూత పలచగా ఉండి అడుగు రంగు బయటపడుతుంది.

మూడో కారుకు లోపలి భాగం. సీటు బెల్టు అసలుది సుమారు 48 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే 2 మిల్లీమీటర్లకు కోసిన మాస్కింగ్ టేపు. నాలుగోదానికి రెండు రంగులు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. టేపు అంచును గోరుతో నొక్కి, ముందు అడుగున ఉన్న రంగునే దాని అంచు మీద పలచగా కొడితే సందులు మూసుకుపోయి, రెండో రంగు లోపలికి పాకదు. ఎండాకాలం టేపును ఒక పూటకు మించి ఉంచకండి, బంక రంగు మీద మిగులుతుంది.

ఐదోదానికి క్రోమ్, అంటే వెండిలా మెరిసే భాగాలు. బంపర్ల మెరుపును క్లియర్ పూత చంపేస్తుంది, కాబట్టి క్రోమ్ రంగు చివర్లో వేసి, చేయి తగలకుండా రెండు రోజులు ఆరనివ్వాలి. పేరు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్న బాడీ అయితే ఒక పాత కిటుకు ఉంది: రంగుకు ముందే అక్షరాల మీద పలచటి మెటల్ ఫాయిల్ అతికించి, మామూలుగా రంగేసి, ఆరాక థిన్నర్ తడిపి పిండిన దూదిపుల్లతో అక్షరాల నెత్తి మీద మాత్రం తుడవాలి. వెండి అక్షరాలు బయటికొస్తాయి. క్లియర్‌కు ముందే ఈ పని చేయాలి.

ఆరోదానికి నేల నుంచి బాడీ ఎత్తు తగ్గించడం. అసలు కారులో ఒక అంగుళం మోడల్‌లో 1.06 మిల్లీమీటర్లు, రెండంగుళాలు దించాలంటే 2.1 చాలు. కంటికి చాలా ఎక్కువగా కనబడుతుంది, కాబట్టి ఒకటితో మొదలుపెట్టండి. ఇంజన్ ఉన్న కిట్టయితే ఏడోదానికి ప్లగ్గు వైర్లు. 7 మిల్లీమీటర్ల వైరు 1/24లో 0.3కు లోపే. పాడైన చార్జర్ కేబుల్ విప్పితే లోపలి తీగల్లో ఆ మందానికి దగ్గరివి దొరుకుతాయి.

మట్టి పట్టిన కారు ఎనిమిదిలో పెట్టుకోండి, ముందే వద్దు. మట్టి కింద తప్పులు దాచే అలవాటు పడితే నునుపు రాదు. ఇక్కడ మన నేలే నమూనా. అనంతపురం ఎర్ర దుమ్ము బాడీ కింద సగమంతా పలచగా పరుచుకుంటుంది, వెనక అద్దం మీద ఎక్కువ, గాలి తగిలే బానెట్ మీద తక్కువ. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి వేరు, తడిలో టైర్లకు ముద్దలుగా పట్టి ఆరాక బూడిద రంగు పెచ్చులవుతుంది. నిజం మట్టినే చల్లాలని చాలామందికి అనిపిస్తుంది. ఎంత వస్త్రగాళితం పట్టినా మోడల్ మీద రేణువు 24 రెట్లు పెద్దదిగా, కంకరలా కనిపిస్తుంది. సుద్ద పాస్టెల్‌ను వాటర్ పేపరు మీద అరగదీసిన పొడి వాడండి. రంగు కలపడానికి మాత్రం గుప్పెడు మట్టి పక్కన పెట్టుకుని పోల్చుకోండి.

రంగు చెడిపోతే

కారిన రంగును, గరుకైన పూతను మీద మీద కప్పాలని చూడకండి. బాడీ ఒక్కటే కదా, మొత్తం తీసేసి మళ్లీ కొట్టండి. ఆక్రిలిక్, ఎనామెల్ రంగులకు గోధుమ రంగు డెట్టాల్‌లో నీళ్లు కలపకుండా ఒక రాత్రి నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దవచ్చు. తీయగానే నీళ్ల కింద పెడితే రంగు జిగట బంకలా మారి వదలదు. ముందు డెట్టాల్‌తోనే కడిగి, తర్వాత సబ్బు నీళ్లు వాడాలి. లాకర్ స్ప్రేలకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రోజు. గ్లవ్స్ తప్పనిసరి. ముందు స్ప్రూ ముక్కను ముంచి చూడండి.

దాచుకోవడం, మిగులు డబ్బా

తెరవని పెట్టెలను అటక మీద నుంచి దించేయండి. మిద్దె కప్పు కింద వేసవి మధ్యాహ్నాల వేడికి డెకాల్స్ జిగురు చెడి కాగితానికే అంటుకుపోతుంది, టైర్లు జిడ్డు కారతాయి. బీరువా కింది అరే చల్లన. డెకాల్ షీటును సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో వేసి, మీద నెల, సంవత్సరం రాయండి. పసుపెక్కిన డెకాల్‌ను కిటికీ అద్దానికి లోపలి వైపు అతికించి కొన్ని రోజులు ఎండ తగలనిస్తే చాలావరకు తెల్లబడుతుంది. ఈ పనికి మన ఎండ బాగా సాయపడుతుంది.

ప్రతి కారు తర్వాత మిగిలిన భాగాలను స్ప్రూ అక్షరం, నంబరు రాసిన చిన్న కవర్లలో వేయండి. విడి చక్రాలు, రెండో రకం బంపర్, వాడని అద్దాలు. ఐదో కారు నాటికి విరిగిన వైపర్ కోసం కొత్త కిట్టు తెరవక్కర్లేదు. నోటు పుస్తకంలో ఒక్కో కారుకు ఒక పేజీ చాలు: తేదీ, ఆ రోజు ఎండ, ఏ రంగు, ఎన్ని పూతలు, ఎంతసేపు ఆరింది, ఏది చెడింది, తర్వాతి కారులో మార్చబోయే ఒక్క విషయం. ఆ చివరి వాక్యం రాసే వరకు కొత్త పెట్టె తెరవకండి.